మూగబోయిన జన్యువులు – క్యాన్సర్

కర్మాగారంలో ప్రమాదఘంటిక చెడిపోకపోయినా, దాని స్విచ్ ఆపివేసి ఉంటే అది మ్రోగదు. మన శరీరకణాలలోనూ ఇటువంటి స్థితి ఏర్పడవచ్చు.

జన్యువులు దెబ్బతినడమే క్యాన్సర్‌కు మూలమని మనం వింటూ ఉంటాం. అది సత్యమే గాని సంపూర్ణసత్యం కాదు. జన్యువులోని అక్షరక్రమం చెక్కుచెదరకున్నా, దానిపై మిథైల్ అనే రసాయన ముద్రలు అధికంగా పడితే అది మూగబోవచ్చు. కణవిభజనను అదుపుచేసే జన్యువులే మూగబోతే క్యాన్సర్‌కు దారి ఏర్పడుతుంది. ముద్రలు ఉండవలసినచోట లోపించడమూ హానికరమే. క్యాన్సర్ కణాలలో ఈ లోపాన్ని ఫైన్‌బర్గ్, వోగెల్‌స్టీన్ అనే శాస్త్రజ్ఞులు 1983లో వెల్లడించారు.

ఊరట కలిగించే విషయమేమంటే, ఈ ముద్రలు చెరపరానివి కావు. 1964లో ప్రేగ్ నగర శాస్త్రజ్ఞులు రూపొందించిన అజాసైటిడిన్ అనే ఔషధం వాటిని తగ్గించగలదు. ఎముకమజ్జకు సంబంధించిన ఒక వ్యాధికి దానిని వాడేందుకు అమెరికా 2004లో అనుమతించింది.

ధూమపానం కూడా ఈ ముద్రలను తారుమారు చేస్తుంది. మానివేసినవారిలో పెక్కు మార్పులు కొన్నేళ్లలో సర్దుకుంటాయి. కొన్ని మాత్రం దశాబ్దాలపాటు నిలిచిపోతాయి. కనుక విరామవేళ సిగరెట్ వెలిగించే మన సోదర ఉద్యోగులు నేడే మానివేయడం వారికీ, వారి కుటుంబాలకూ శ్రేయస్కరం.