మీకు తెలుసా? మోకరిల్లి అందుకున్న బంగారం

● దాదాపు 9 లక్షల జనాభా ఉన్న ఫిజీకి తొలి ఒలింపిక్ పతకమే స్వర్ణం! 2016 ఆగస్టు 11న రియోలో, రగ్బీ సెవెన్స్ ఫైనల్లో బ్రిటన్‌ను 43-7తో చిత్తుచేసింది.

● గెలవగానే ఆటగాళ్లంతా ఒక్కచోట చేరి క్రైస్తవ కీర్తన పాడారు. మోకాళ్లపై నిలిచి పతకాలు అందుకున్నారు.

● 'దేవుడికి భయపడు, రాజును గౌరవించు' అన్నది ఆ దేశ రాజముద్రపై ఉన్న మాట.

● ఆ గెలుపునకు గుర్తుగా 2017లో ఏకంగా 7 డాలర్ల నోటే వచ్చింది!

● 1903-1916 మధ్య మద్రాసు రేవులో ఓడెక్కి, అక్కడి చెరకు తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువారి వారసులకూ ఫిజీయే సొంత దేశం. పని గట్టెక్కితే అన్నవరం సత్యదేవుడి వ్రతం చేసుకునే మనకు, ఆ ఆటగాళ్లు దేవుడికి చూపిన కృతజ్ఞత కొత్తేమీ కాదు.