మీకు తెలుసా? జలాంతర్గామిలో ఒక విమానం

విమానాన్ని కడుపులో దాచుకుని సముద్రంలోకి మునిగే జలాంతర్గామి ఒకటి ఫ్రెంచి నౌకాదళానికి ఉండేది. పేరు సుర్కూఫ్. 1929లో షెర్బూర్‌లో జలప్రవేశం చేసింది. పొడవు 110 మీటర్లు. అప్పటికి ప్రపంచంలో అంత పెద్ద జలాంతర్గామి మరొకటి లేదు.

దాని మీద 203 మిల్లీమీటర్ల ఫిరంగులు రెండు బిగించారు. క్రూయిజర్లకు అమర్చే సైజు అది. 1930 లండన్ ఒప్పందం జలాంతర్గాముల బరువుకూ ఫిరంగులకూ హద్దులు గీసింది. అయినా, అప్పటికే నీటిలోకి దిగిన ఒక్క జలాంతర్గామిని 203 మిల్లీమీటర్ల ఫిరంగులతో సహా ఫ్రాన్స్ ఉంచుకోవచ్చని అందులోనే రాశారు. ఆ మినహాయింపు సుర్కూఫ్ కోసమే.

ఫిరంగి గుండు సుమారు 27 కిలోమీటర్లు పోతుంది. చిక్కల్లా చూపుతోనే. జలాంతర్గామి ఒళ్లు నీటిమట్టానికి కాస్త పైన మాత్రమే ఉంటుంది కాబట్టి, పైనున్న దూరమాపక యంత్రానికి 11 కిలోమీటర్ల అవతల ఏమీ కనిపించదు. పెరిస్కోప్ ఎత్తి చూసినా 16 దాటదు. ఆ పైన గుండు ఎక్కడ పడిందో, ఎంత తప్పిందో చెప్పేవాడు ఆకాశంలోనే ఉండాలి.

ఆ పని కోసం తయారైందే బెసాన్ ఎం.బి.411 సీప్లేన్. మార్సెల్ బెసాన్ దీని రూపకర్త. 1935లో ఎగిరింది. ఇద్దరు కూర్చునే చిన్న విమానం, రెక్కల కొస నుంచి కొసకు 12 మీటర్లు, 175 గుర్రాల శక్తి ఉన్న సాల్మ్‌సన్ ఇంజను. పొట్ట కింద ఒక పెద్ద ఫ్లోట్, ఒరగకుండా రెక్కల కింద రెండు చిన్నవి. మొత్తం రెండంటే రెండే తయారు చేశారు.

దీన్ని ఎగరేయడం తేలిక కాదు. జలాంతర్గామి పైకి రావాలి, టవర్ వెనకున్న గొట్టంలాంటి హ్యాంగర్ తలుపు తెరవాలి, విమానాన్ని బయటికి లాగి రెక్కలు తగిలించాలి, క్రేన్‌తో నీటిలోకి దించాలి. అలలు ఎక్కువగా ఉంటే ఆ ఆశ కూడా వదులుకోవాల్సిందే. తిరిగొచ్చాక మళ్లీ ఇదంతా వెనక్కి. అంతసేపూ జలాంతర్గామి మునగలేదు, శత్రువు కంటపడితే దిక్కులేదు. తలుపుతో ఎంత ప్రమాదమో బ్రిటిష్ వాళ్లకు తెలుసు: సీప్లేన్ మోసే వాళ్ల జలాంతర్గామి ఎం2 1932 జనవరి 26న పోర్ట్‌ల్యాండ్ దగ్గర మునిగి, అందులోని 60 మందీ చనిపోయారు. డైవర్లు దిగి చూస్తే హ్యాంగర్ తలుపు తెరిచే ఉంది. ఇంత తెలిసీ ఆ పనికి పూనుకున్న నావికుల తెగువ నాకు ఫిరంగుల కన్నా గొప్పగా కనిపిస్తుంది.

సుర్కూఫ్ అన్న పేరుకు మన తీరంతో సంబంధం ఉంది. రాబర్ట్ సుర్కూఫ్ సెయింట్ మాలోకు చెందిన ఫ్రెంచి ప్రైవేటీరు, అంటే ప్రభుత్వ అనుమతితో శత్రు ఓడలను పట్టుకునేవాడు. 1800లో ఈస్టిండియా కంపెనీ వారి భారీ ఓడ కెంట్‌ను బంగాళాఖాతంలోనే చేజిక్కించుకున్నాడు. ఆ ఒరవడిలోనే ఈ జలాంతర్గామిలోనూ 40 మంది బందీలకు చోటు పెట్టారు. వాణిజ్య నౌకలను వెతికి పట్టడానికీ ఎం.బి.411 కళ్లే కావాలి.

1940 జూన్‌లో జర్మనీ చేతిలో ఫ్రాన్స్ ఓడిపోతుండగా సుర్కూఫ్ బ్రిటన్‌లోని ప్లిమత్ చేరింది. జర్మన్ల చేతికి చిక్కకూడదని జూలై 3న బ్రిటిష్ వాళ్లు దాన్ని స్వాధీనం చేసుకున్నప్పుడు జరిగిన గొడవలో నలుగురు మరణించారు. తర్వాత, జర్మనీతో పోరు కొనసాగించిన స్వేచ్ఛా ఫ్రాన్స్ జెండా కింద పనిచేసింది. 1941 ఏప్రిల్‌లో ప్లిమత్ మీద జర్మన్ బాంబులు పడ్డప్పుడు సీప్లేన్ దెబ్బతింది. దాన్ని దించేశారు, మళ్లీ ఎక్కించలేదు. అప్పటి నుంచి ఆ భారీ ఫిరంగులకు పెరిస్కోప్ చూపే దిక్కు. 1942 ఫిబ్రవరిలో పనామా వైపు వెళ్తూ కరీబియన్ సముద్రంలో సుర్కూఫ్ 130 మందితో మునిగిపోయింది.