బండి సర్వీసింగ్ అయింది.. మరి ఒళ్లు?

స్పోర్ట్స్ బైకు మీద ఒంటరిగా దూర ప్రయాణం అంటే ఇంట్లో ముందుగా వేగం గురించే గొడవ. కానీ అంతకన్నా ముందు మాట్లాడుకోవాల్సినవి నిద్ర, నడుము, నీళ్లు!

శుక్రవారం రాత్రి పదకొండు దాటింది. పుప్పాలగూడలో ఓ అపార్ట్‌మెంటు సెల్లార్‌. ఓ కుర్రాడు గొంతుక్కూర్చుని బండి చెయిన్‌కు లూబ్ కొడుతున్నాడు. టైర్లలో గాలి చూసుకున్నాడు. బ్రేకులు చూసుకున్నాడు. వెనక సీటుకు సంచీ కట్టి రెండుసార్లు గుంజి చూశాడు. తెల్లవారుజామున మూడింటికి బయలుదేరి, మధ్యాహ్నం భోజనానికి బెంగళూరు చేరాలన్నది ఆలోచన. పైన ఐదో అంతస్తులో అమ్మకు నిద్ర పట్టటం లేదు.

ఆ కుర్రాడు మీరే కావచ్చు. మీ అబ్బాయో, అమ్మాయో కావచ్చు. ఈ పేజీ ఇంట్లో అందరూ చదివేదే కాబట్టి బండి ఎక్కేవారితోనూ, బాల్కనీలోంచి చూసేవారితోనూ కలిపే మాట్లాడుకుందాం. బండికి చేయాల్సినవన్నీ చేశారు, సంతోషం. మరి పొద్దున ఏడింటికి లేచి, రోజంతా ఆఫీసులో గడిపి, రాత్రి పదకొండింటికి సెల్లార్‌లో కూర్చున్న ఆ మనిషి సంగతేంటి?

గొట్టంలో ఊదితే సున్నానే

పొద్దున ఏడింటికి లేచినవారు మర్నాడు మూడింటికి బండి తీస్తే అప్పటికి ఇరవై గంటలు మేలుకుని ఉన్నట్టు. మధ్యలో ఓ రెండు గంటలు కునుకు తీసినా పెద్ద తేడా ఉండదు. అమెరికా వేళల్లో పనిచేసేవారైతే మరీనూ. లాప్‌టాప్ మూసి నేరుగా హెల్మెట్ పెట్టుకునేవారూ లేకపోలేదు.

17 నుంచి 19 గంటలు నిద్ర లేకుండా ఉన్నవారి చురుకుదనం ఎలా ఉంటుందో విలియమ్సన్, ఫేయర్ అనే పరిశోధకులు పరీక్షించి 2000లో ఫలితాలు ప్రచురించారు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవారితో సమానంగా, కొన్ని పరీక్షల్లో అంతకన్నా మందకొడిగా ఉన్నట్టు తేలింది. మన దేశంలో చట్టం అనుమతించేది 30 మిల్లీగ్రాములే. అంటే చుక్క ముట్టకుండానే తాగి నడిపినట్టన్నమాట. పోలీసుల గొట్టంలో ఊదితే మాత్రం సున్నా వస్తుంది. మన ధీమా కూడా అక్కడే!

దీనికి తోడు ఒంట్లోని గడియారం ఒకటుంది. అర్ధరాత్రి రెండు నుంచి తెల్లవారుజామున ఆరు వరకు, మళ్లీ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు అది మనల్ని నిద్రలోకి లాగుతుంది. ట్రాఫిక్ ఉండదని మనం ఎంచుకునే వేళ సరిగ్గా ఇదే. ఈ వేళల్లో కళ్లు తెరిచే ఉన్నా మెదడు రెండు, మూడు, నాలుగు సెకన్ల పాటు ఆగిపోతుంది. దీన్నే మైక్రోస్లీప్ అంటారు. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే సెకనుకు 25 మీటర్లు. నాలుగు సెకన్లలో 100 మీటర్లు. బండి అంత దూరం నడిపేవాడు లేకుండానే పోతుంది. కారులో ఉంటే రెయిలింగ్ రాసుకుని మెలకువ వచ్చే అవకాశమైనా ఉంటుంది. రెండు చక్రాల మీద అదీ లేదు.

హెల్మెట్ అద్దం పైకెత్తి చల్లగాలి తగిలించుకోవటం, గట్టిగా పాటలు పాడటం.. ఇవేవీ నిద్రను ఆపలేవు. గడిచిన నాలుగైదు కిలోమీటర్లు ఎలా వచ్చారో గుర్తు రావటం లేదా? చూడాల్సిన బోర్డు దాటిపోయారా? వేగం దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉందా? ఇక ఆగాల్సిందే. పెట్రోలు బంకులోనో, నలుగురు తిరిగే ధాబాలోనో ఓ కాఫీ తాగి వెంటనే 15-20 నిమిషాలు పడుకోండి. కెఫీన్ పనిచేయటానికి దాదాపు అంతే సమయం పడుతుంది కాబట్టి రెండూ కలిసొస్తాయి. అయితే ఇది ఓ గంట, గంటన్నర గట్టెక్కించే చిట్కా మాత్రమే. రాత్రి నిద్రకు బదులు కాదు. ముందు రెండు రాత్రులూ ఏడెనిమిది గంటలు పడుకుని, తెల్లగా తెల్లవారాక ఆరింటికి బయలుదేరండి. ఊళ్లో కాస్త ట్రాఫిక్ తగిలితే తగిలింది. శ్రీశైలం వెళ్లేవారికైతే ఈ విషయంలో అడవే నియమం పెట్టేసింది. అమ్రాబాద్ అభయారణ్యంలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు వరకు చెక్‌పోస్టుల దగ్గర బండ్లు వదలరు. అది వన్యప్రాణుల కోసమే అయినా మనకూ మంచిదే.

జలుబుకనో, తుమ్ములకనో వేసుకునే సెట్రిజిన్, క్లోర్‌ఫెనిరమిన్ వంటి మాత్రలు, కొన్ని దగ్గు సిరప్‌లు మత్తు తెస్తాయి. ప్రయాణానికి ముందు రాత్రి ఇవి వేసుకుంటే మర్నాటి ఉదయం కూడా ఆ మందకొడితనం ఉండొచ్చు.

అదే మెడ, అదే వంపు

మామూలు బండికీ స్పోర్ట్స్ బైకుకీ తేడా ఇంజిన్‌లోనే కాదు, కూర్చునే తీరులోనూ ఉంది. నింజా, ఆర్‌సీ 390, ఆర్15 లాంటి వాటిలో హ్యాండిల్ కిందికి, ఫుట్‌రెస్టులు వెనక్కి, పైకి ఉంటాయి. ఒళ్లు ట్యాంకు మీదికి వంగుతుంది. అరగంట సరదాగానే ఉంటుంది. మూడో గంటలో అసలు కథ మొదలవుతుంది.

ముందుగా మెడ. ఒళ్లు ముందుకు వంగి ఉండగా రోడ్డు చూడాలంటే తల పైకెత్తాలి. అంటే మెడ కింది భాగం ముందుకీ, పైభాగం వెనక్కీ వంగుతాయి. పైన కిలోంపావు, కిలోన్నర హెల్మెట్. దాన్ని వెనక్కి నెట్టే గాలి. కంప్యూటర్ తెర ముందు తల ముందుకు చాచి కూర్చునేవారి మెడ వంపు కూడా అచ్చం ఇలాంటిదే! వారంలో ఐదు రోజులు కోకాపేటలోనో, నానక్‌రామ్‌గూడలోనో కుర్చీలో ఇలా వంగిన మెడను ఆరో రోజు బండి మీద మళ్లీ అలాగే వంచుతున్నాం. దాన్ని మనం సెలవు అనుకుంటాం గానీ, మెడకు మాత్రం అది ఓవర్‌టైమే.

తర్వాత చేతులు. నడుము, పొట్ట కండరాలు అలసిపోగానే పైఒంటి బరువంతా మణికట్ల మీద పడుతుంది. అరచేతిలో చిటికెన వేలి వైపు నుంచి అల్నార్ నాడి వెళ్తుంది. దాని మీద ఒత్తిడి పడితే చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. మణికట్టు మధ్యలోంచి వెళ్లే మీడియన్ నాడి నొక్కుకుంటే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారతాయి. గేర్లకు క్లచ్ లీవర్, ఆగటానికి బ్రేకు లీవర్ పట్టుకోవాల్సిన వేళ్లే ఇవి. కాబట్టి తిమ్మిరిని నొప్పుల ఖాతాలో వేసి ఊరుకోవద్దు. అది భద్రతకు సంబంధించిన విషయం.

ఉపాయం తేలికే. ట్యాంకును మోకాళ్లతో, తొడలతో గట్టిగా పట్టుకోండి. బరువును కాళ్లు, పొట్ట కండరాలు మోయాలి. మోచేతులు కాస్త వంచి వదులుగా ఉంచండి. హ్యాండిల్‌ను కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోవాలి, జారిపోకుండా, నలిగిపోకుండా. లీవర్ల వాలు మీ ముంజేతి వరసలో ఉండేలా మెకానిక్‌తో సరిచేయించుకోండి. పది నిమిషాల పనే గానీ ఎంతో మందికి దీని సంగతే తెలియదు. బరువైన సంచీ భుజాలకు తగిలించుకోవద్దు, బండికే కట్టండి.

చాలామంది చెప్పుకోవటానికి సిగ్గుపడే ఇబ్బంది ఇంకోటుంది. ముందుకు వాలిన సీటు మీద జారి ట్యాంకుకు ఆనుకుంటే మర్మావయవాల దగ్గర నాడులు, రక్తనాళాలు నొక్కుకుని మొద్దుబారతాయి. దిగి నడిస్తే కాసేపటికి తగ్గిపోతుంది. తగ్గకపోయినా, మళ్లీ మళ్లీ వస్తున్నా డాక్టరుకు చెప్పాల్సిందే. ఇందులో దాచుకునేదేం లేదు.

నెల ముందు నుంచే ఒంటిని సిద్ధం చేసుకుంటే మంచిది. రోజూ ప్లాంక్ కొద్ది సెకన్లతో మొదలుపెట్టి నిమిషం దాకా, గోడకు వీపు ఆనించి గదవను వెనక్కి లాగటం పదిసార్లు, మణికట్లను ముందుకూ వెనక్కూ వంచి సాగదీయటం. ఇంతే. డిస్కు సమస్య, కాలిలోకి పాకే నొప్పి ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా దూర ప్రయాణం పెట్టుకోవద్దు. మూర్ఛ ఉన్నవారు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు, ఇన్సులిన్ గానీ చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవారు కూడా అంతే. ఒంటరిగా ఉన్నప్పుడు చక్కెర పడిపోతే గుర్తుపట్టి చెప్పేవారు పక్కన ఉండరు.

చెమట కనిపించదు, నీరు పోతుంది

బండి మీద చెమట పట్టిన వెంటనే గాలికి ఆరిపోతుంది. దాంతో ఒంట్లో నీరు తగ్గుతున్న సంగతే తెలియదు. దాహం వేసేసరికే ఆలస్యమవుతుంది. తలనొప్పి, చిరాకు, నిర్ణయాల్లో తడబాటు.. అన్నీ దాని తర్వాతే.

మరో విషయం. చర్మం ఉష్ణోగ్రత దాదాపు 35 డిగ్రీలు. బయటి గాలి అంతకన్నా వేడిగా ఉంటే అది మనల్ని చల్లబరచదు, ఇంకా వేడెక్కిస్తుంది. జడ్చర్ల దాటాక ఏప్రిల్ మధ్యాహ్నం 41-42 డిగ్రీల్లో అద్దం ఎత్తి, జాకెట్ జిప్పు తీసి వెళ్లటమంటే పొయ్యి ముందు కూర్చున్నట్టే. ఒళ్లు కప్పుకోండి. లోపల తడిపిన నూలు బనీను వేసుకోండి. ఆగిన ప్రతిచోటా ఓ గ్లాసు నీళ్లో, మజ్జిగో తాగండి. వేసవిలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు వెంట ఉంచుకుని, పెద్ద ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపండి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తోందంటే నీళ్లు చాలటం లేదని అర్థం. మరుగుదొడ్లు బాగుండవని అమ్మాయిలు నీళ్లు తాగటమే మానేస్తుంటారు. మూత్రంలో ఇన్ఫెక్షన్లకు దారితీసే అలవాటిది. ఎక్కడెక్కడ ఆగాలో ముందే చూసి పెట్టుకోవటం మేలు.

కర్నూలులో కడుపునిండా బిర్యానీ లాగించి, రెండింటికి మళ్లీ బండెక్కటం అంత తెలివైన పని కాదు. బిర్యానీని రాత్రి చేరాక తినండి!

హెల్మెట్‌లోకి దూరే గాలి హోరు కూడా మనిషిని అలసటకు గురిచేస్తుంది. హైవే వేగాల్లో అది 90 డెసిబెల్స్ దాటుతుంది. రోజుకు ఎనిమిది గంటల పాటు 85 డెసిబెల్స్ దాటితేనే వినికిడికి ముప్పు. మందుల దుకాణంలో దొరికే స్పాంజి ఇయర్‌ప్లగ్స్ హోరును తగ్గిస్తాయి, హారన్లు వినిపిస్తూనే ఉంటాయి.

రోజుకు ఎంత దూరం?

పుప్పాలగూడ నుంచి బెంగళూరు సుమారు 570 కిలోమీటర్లు. పైగా అవుటర్ రింగు రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. నార్సింగి నుంచి శంషాబాద్ దాకా సర్వీసు రోడ్డే గతి. అంటే 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కేలోపే గంట పోవచ్చు.

అనుభవజ్ఞుల లెక్క చూడండి. మన హైదరాబాద్‌కు చెందిన జై భారతి 2021లో దేశం చుట్టూ ఒంటరి బైకు యాత్రకు బయలుదేరినప్పుడు వేసుకున్న ప్రణాళిక 40 రోజుల్లో 11,111 కిలోమీటర్లు. భాగిస్తే రోజుకు 280 కూడా లేదు! అంతకు మూడేళ్ల ముందు ఆమె మరో ముగ్గురు మహిళలతో కలిసి వియత్నాం దాకా బైకుల మీద వెళ్లొచ్చారు. అలాంటివారే 280 అనుకుంటే, మొదటిసారి వెళ్లేవారు సగం రోజులో 570 అనుకోవటం ఏం లెక్క? మొదటి యాత్రకు 250 చాలు. కర్నూలు దాదాపు 210 కిలోమీటర్లు. కొండారెడ్డి బురుజు చూసి, రాత్రి అక్కడే పడుకుని మర్నాడు ముందుకు సాగినా, వెనక్కి వచ్చినా అది ప్రయాణమే. గంట, గంటంపావుకోసారి దిగి పది నిమిషాలు నడవండి. పెట్రోలు అయిపోయేదాకా ఆగకుండా వెళ్లటం గొప్పేం కాదు.

ఇంట్లోవాళ్లకో మాట

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. మీ భయంలో అర్థముంది. కానీ ‘వెళ్లొద్దు’ అంటే చాలాసార్లు జరిగేది ఒకటే, చెప్పకుండా వెళ్లటం. అది ఇంకా ప్రమాదం. పక్కన కూర్చుని దారి, ఆగే చోట్లు, బస కలిసి రాసుకోండి. వెళ్లే ముందు రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారన్న దగ్గర మాత్రం గట్టిగా పట్టుబట్టండి.

ఇంకోటి, అరగంటకోసారి ‘ఎక్కడున్నావ్ నాన్నా’ అని ఫోన్ చేయొద్దు. జేబులో ఫోన్ మోగుతుంటే ధ్యాస రోడ్డు మీంచి చెదురుతుంది. ఆగినప్పుడల్లా బండి ఎక్కేవారే మెసేజ్ పెట్టాలి. లొకేషన్ మీ ఫోన్‌లో కనిపిస్తూ ఉంటే సరి. అనుకున్న వేళకు రెండు గంటలు దాటినా కబురు లేకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ముందే అనుకోండి. అంబులెన్సుకు 108, జాతీయ రహదారి మీద 1033, దేనికైనా 112. రక్తం గ్రూపు, అలర్జీలు, వాడే మందులు, ఇంటి నంబరు ఓ కార్డు మీద రాసి జాకెట్ జేబులో పెట్టించండి. ఫోన్ లాక్ తీయకుండానే కనిపించేలా కూడా పెట్టుకోవచ్చు. 2025 మే నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం కింద, రోడ్డు ప్రమాద బాధితులకు ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల పాటు రూ.1.5 లక్షల వరకు నగదు కట్టకుండా చికిత్స అందుతుంది. ఈ సంగతీ తెలిసి ఉండటం మంచిది.

తిరిగొచ్చేటప్పుడు

వెళ్లేటప్పుడున్న జాగ్రత్త తిరుగు ప్రయాణంలో ఉండదు. సోమవారం పొద్దున మీటింగ్ ఉంటుంది. ఆదివారం చీకటి పడుతుంటుంది. హెల్మెట్‌కు పొద్దున పెట్టిన నల్లద్దం అలాగే ఉంటుంది. శంషాబాద్ రాగానే ఇల్లొచ్చేసినట్టే అనిపిస్తుంది. కానీ సర్వీసు రోడ్డు మీద ఎదురుగా వచ్చే బండ్లు, టిప్పర్లు, అడ్డొచ్చే కుక్కలు అప్పుడే మొదలు. తెల్లద్దం వెంట ఉంచుకోండి. శంషాబాద్‌లో ఆగి ఓ చాయ్ తాగి, ఐదు నిమిషాలు నడిచి అప్పుడు కదలండి. కుదిరితే సోమవారం కూడా సెలవు పెట్టేయండి.

ఇంటికొచ్చాక ఒకట్రెండు రోజులు ఒళ్లు నొప్పులు మామూలే. వేడినీళ్ల స్నానం, కాస్త నడక, మంచి నిద్రతో సర్దుకుంటాయి. చెవుల్లో హోరు మర్నాటికీ తగ్గకపోయినా, వేళ్ల తిమ్మిరి వారం దాటినా, చొక్కా గుండీలు పెట్టుకోవటం కష్టమైనా, పిక్క ఒకవైపే వాచి నొప్పెడుతున్నా డాక్టరు దగ్గరికి వెళ్లండి. మూత్రం మీద అదుపు తప్పటం, కాళ్లు బలహీనపడటం కనిపిస్తే మాత్రం ఆగొద్దు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.