ఓ వర్గమువలె కనిపించు బొంబాయి రక్తము

కంటికి ఎర్రగా ఒకే తీరున కనిపించినను ఒకరి రక్తము మరొకరికి సరిపడకపోవచ్చును. ఈ భేదమునకు కారణమును వియన్నా నగరమున కార్ల్ లాండ్‌స్టీనర్ కనుగొని 1901 లో ప్రకటించెను. ఆయన గుర్తించిన మూడు వర్గములకు మరుసటి యేట నాల్గవది చేరినది. ఇట్లు ఎ, బి, ఎబి, ఓ అను నాలుగు రక్తవర్గములు ఏర్పడినవి. ఈ కృషికి లాండ్‌స్టీనర్‌కు 1930 లో నోబెల్ బహుమానము లభించెను. నేడు హైస్కూలు విద్యార్థులలో సైతము పలువురు తమ వర్గమేదో చెప్పగలరు. అయితే పరీక్షలో ఓ అని తేలిన ప్రతి రక్తమును నిజముగా ఓ వర్గమునకు చెందినదేనా? ఈ ప్రశ్నకు సమాధానము మన దేశముననే దొరికినది.

ఎర్రకణముల పైపొరమీద చక్కెర జాతి అణువులు గొలుసులవలె అమరియుండును. ఈ గొలుసు కొనకు ఫ్యూకోజ్ అను చక్కెర చేరినపుడు హెచ్ అను పదార్థమేర్పడును. దానికి గాలక్టోజ్ తోడైనచో అది బి పదార్థము. గాలక్టోజ్‌కు బదులు దానినుండి పుట్టిన మరియొక చక్కెర తోడైనచో ఎ పదార్థము. ఏదియు చేరక హెచ్‌గానే మిగిలినచో ఆ రక్తము ఓ వర్గమునకు చెందును. అనగా హెచ్ పునాది వంటిది. ఎ, బి పదార్థములు దానిపై లేచిన గోడల వంటివి. ఓ వర్గమువారికి గోడలు లేవు గాని పునాది కలదు.

ఆ పునాదియే లేనివారు కూడ కలరు. 1952 లో బొంబాయి నగరమున, అనగా నేటి ముంబయిలో, డాక్టరు వై. ఎం. భేండే, ఆయన సహచరులు అట్టి రక్తమును గుర్తించి 'లాన్సెట్' పత్రికలో ప్రకటించిరి. ఆ రక్తకణములు ఎ వర్గపు పరీక్షకుగాని, బి వర్గపు పరీక్షకుగాని లొంగలేదు. కావున పైకి అది ఓ వర్గమే. కాని ఆ రక్తపు సీరమును ఓ వర్గపు కణములతో కలిపినపుడు అవి ముద్దలు కట్టెను. హెచ్ లేని శరీరము హెచ్‌ను పరాయి పదార్థముగా ఎంచి దానిపై ప్రతిరక్షకములను తయారుచేయుటయే ఇందుకు కారణము. ఓ వర్గపు కణములమీద హెచ్ సమృద్ధిగా నుండును. కావున అందరికిని ఇవ్వవచ్చునని పేరుపొందిన ఓ నెగటివు రక్తము సైతము వీరికి ప్రాణాపాయము కలిగించును. బొంబాయి వర్గమువారికి ఆ వర్గపు రక్తమే ఎక్కవలెను. అందును ఆర్‌హెచ్ పోలికను విడిగా చూడవలెను.

ఈ వర్గము అరుదైనది. మన దేశమున సుమారు 10,000 మందిలో ఒకరు ఇట్టివారుందురని అంచనా. హెచ్‌ను తయారుచేయించు జన్యువు 19 వ క్రోమోసోము మీదను, ఎ, బి లను నిర్ణయించు జన్యువు 9 వ క్రోమోసోము మీదను ఉండును. తలిదండ్రులిరువురును లోపించిన హెచ్ జన్యువును ఒక్కొక్కటి దాచుకొనియున్నచో, ప్రతి కాన్పునందును బొంబాయి వర్గపు బిడ్డ కలుగుటకు నాల్గింట ఒక వంతు అవకాశము కలదు. మేనరికములలో దంపతులిరువురికిని ఒకే పూర్వీకునినుండి ఆ జన్యువు సంక్రమించి యుండు అవకాశము హెచ్చు.

ఓ వర్గపు దంపతులకు బి వర్గపు బిడ్డ కలుగునా అని తరగతిలో ప్రశ్నించినచో, కలుగదని విద్యార్థులు వెంటనే చెప్పుదురు. కాని తల్లిది నిజముగా బొంబాయి వర్గమై, ఆమెలో బి జన్యువు మరుగుపడి యున్నదనుకొందము. ఆ బిడ్డకు తల్లినుండి బి జన్యువు, తండ్రినుండి హెచ్ జన్యువు లభించును. పునాది దొరకగానే బి బయటపడును. ఇది తెలియక కుటుంబములలో అనుమానమునకు తావిచ్చుట ఎంత అన్యాయమో ఊహింపవచ్చును.

ఈ వర్గమును గుర్తించుట కష్టము కాదు. గాజుపలకపై రక్తపుబొట్టునకు ఎ, బి ప్రతిరక్షకములను కలిపి చూచుట పరీక్షలో సగము మాత్రమే. రోగి సీరమును తెలిసిన ఎ, బి, ఓ కణములతో కలిపి చూచుట మిగిలిన సగము. ఓ కణములు కూడ ముద్దకట్టినచో సందేహింపవలెను. అపుడు హెచ్ ఉన్నదో లేదో తెలుపు వేరొక పరీక్షతో నిర్ధారణ చేయుదురు. శిబిరములలో సాధారణముగా మొదటి సగమే జరుగును. కావున చేతిలో ఏ కార్డున్నను, రక్తమెక్కించుటకు ముందు ఆసుపత్రిలో దాత కణములను, రోగి సీరమును కలిపి చూచుట తప్పనిసరి.

ఎర్రకణములను శీతల యంత్రములో 42 దినములకు మించి నిలువచేయుట సాధ్యము కాదు. అందుచే అరుదైన వర్గమువారికి ఆపద వచ్చినపుడు దిక్కు, పేరు నమోదుచేసికొని పిలువగనే రాగల దాతయే. అట్టివారి తోబుట్టువులను తప్పక పరీక్షింపవలెను. 18 ఏండ్లు నిండి, 45 కిలోగ్రాములకు తగ్గని బరువు, 100 మిల్లీలీటర్లకు 12.5 గ్రాములకు తగ్గని హిమోగ్లోబిను గల ఆరోగ్యవంతులు రక్తమీయవచ్చును. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి ఇచ్చినను హానిలేదు. హైస్కూలు విద్యార్థులకు ఇంకను ఆ వయస్సు రాలేదు. కాని ఇంటిలో ఓ అని వ్రాసిన కార్డు ఉన్నచో, అది ఏ పరీక్షవలన తేలినదో అడిగి తెలిసికొనుటకు ఏ వయస్సైనను చాలును.