బల్ల ఒకటి కావడానికి 28 ఏళ్లు

డోర్నకల్‌లో గుడి స్తంభాల తీరు, మసీదు గుమ్మటాల తీరు కలిపి కట్టిన పెద్ద చర్చి ఉంది. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఈ చర్చిని కట్టించినవారు బిషప్ వి.ఎస్. అజరయ్య. తిరునల్వేలి వైపు తమిళుడైనా తెలుగు నేర్చుకుని ఈ పల్లెల్లోనే బతుకు గడిపారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. చర్చి కట్టడాన్ని మించిన పని మరొకటి తలకెత్తుకున్నారు. అది విడిపోయి ఉన్న సంఘాలను కలపడం.

ఆ రోజుల్లో మిషన్లు హద్దులు వేసి పల్లెలను పంచుకున్నాయి. మెదక్ వైపు మెథడిస్టులు, డోర్నకల్ వైపు ఆంగ్లికన్లు, జమ్మలమడుగు వైపు లండన్ మిషన్ వారు. తాత ఏ దొర చేత బాప్తిస్మం పొందాడో మనుమడి సంఘం అదే. ఇంగ్లండులో ఎప్పుడో పుట్టిన తగాదా ఏమిటో ఇక్కడి కూలీకి తెలియదు. పక్క మిషన్ ఊరికి కోడలుగా వెళ్లిన పిల్లకు మాత్రం అక్కడి ప్రభుభోజనపు బల్ల దగ్గర చోటు దొరకకపోవచ్చు.

1919 మేలో తరంగంబాడిలో 33 మంది పాదిరీలు సమావేశమయ్యారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. అజరయ్య వారిలో ముఖ్యులు. ఈ చీలికలు తాము తెచ్చుకున్నవి కావని, ఇక కలవాలని రెండు రోజుల్లో తేల్చారు. కలవడానికి మాత్రం 28 ఏళ్లు పట్టింది.

చిక్కంతా బిషప్పుల దగ్గరే. బిషప్ అభిషేకించని అయ్యగారు ఇచ్చే ప్రభుభోజనం చెల్లదని ఆంగ్లికన్లలో చాలామంది పట్టు. బిషప్ అంటే పెత్తనమేనని కాంగ్రిగేషనల్ వారి భయం. రెండూ ఊరకే కొట్టిపారేసే మాటలు కావు. ఏళ్ల తరబడి కూర్చుని మాట్లాడుకోగా దారి దొరికింది. బిషప్పులుంటారు, కాని ఎన్నికైనవారు, నియమావళికి లోబడినవారు. ఇకముందు అభిషేకం వారి చేతనే. ఇప్పటికే పాస్టర్లుగా ఉన్నవారికి మళ్లీ అభిషేకం అక్కరలేదు. మీ అయ్యగారు అయ్యగారే కాదు అని ఎదుటివారిని చిన్నబుచ్చే అవసరం అంతటితో తప్పింది. మనస్సాక్షి ఒప్పని ఆరాధన పద్ధతిని గాని, పాస్టరును గాని ఏ సంఘం మీదా రుద్దబోమని హామీ కూడా రాసుకున్నారు. ఈ హామీ లేకుంటే కలయిక కాగితం దాటేది కాదేమో.

అజరయ్య ఆ రోజు చూడలేదు. 1945 జనవరి 1న కన్నుమూశారు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్లో దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., ఏర్పడింది.

అందరూ రాలేదు. బాప్టిస్టులు, లూథరన్లు బయటే ఉన్నారు. కలిసినవారి మధ్య కూడా ఎన్నికలు, ఆస్తుల గొడవలు తరువాత కోర్టుల దాకా వెళ్లాయి. అజరయ్య పాలించిన డోర్నకల్ డయాసిస్‌లోని నంద్యాల ఆంగ్లికన్లే 1947లో రామన్నారు. చాలా ఏళ్లు వేరుగా ఉండి తమ పద్ధతిలోనే ఆరాధన చేసుకున్నారు. ఆ తరువాత వచ్చి చేరారు. ఇప్పుడు సి.ఎస్.ఐ. డయాసిస్‌లలో నంద్యాల కూడా ఒకటి.