నిప్పు రాతిలో లేదు

అగ్గిపుల్ల గీస్తే నిప్పు పుడుతుంది. ఇందులో వింతేముంది అంటారు మీరు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, ఆ డిసెంబరు సాయంత్రం దాకా.

నల్లమల కొండల దిగువన ఒక పల్లెలో మా ఎన్.ఎస్.ఎస్. శిబిరం. రెండు రోజులు పట్టిన తుపాను ముసురు అప్పుడే వదిలింది. వాగు దాటుతుండగా మావాడొకడు కాలుజారి నీళ్ళలో పడ్డాడు. పైకి లాగాం గాని, చలిగాలికి వాడి పళ్ళు టకటకా కొట్టుకోసాగాయి. పల్లె ఇంకా మూడు కిలోమీటర్లుంది. మా అగ్గిపెట్టెలు రెండూ వాడి జేబులోనే ఉన్నాయి. రెండూ ముద్దయిపోయాయి!

“భయం లేదు, నా దగ్గర చెకుముకి ఉంది” అన్నాను ధీమాగా. ఇష్టపడి కొనుక్కున్న నల్లటి కడ్డీ అది. గీశాను. రవ్వలు జల్లుగా రాలాయి. కింద పోగేసిన ఆకులు మాత్రం అంటుకోలేదు. వందసార్లు గీసి ఉంటాను. వేళ్ళ కణుపులు చెక్కుకుపోయాయేగాని పొగైనా రాలేదు. రసాయనశాస్త్రం చదువుతున్నవాడి పరువు ఆ వాగులో కలిసిపోయింది.

అంతలో గొర్రెల్ని తోలుకుపోతున్న ఒక ముసలాయన ఆగాడు. “ముందు ఆ పిల్లోడి తడిబట్టలు విప్పండి నాయనా” అని కసిరి, తన గొంగడి వాడికి చుట్టబెట్టాడు. నా ఆకులకుప్ప చూసి నవ్వాడు. “నిప్పు రాతిలో లేదు నాయనా, పీచులో ఉంది” అన్నాడు.

తుమ్మచెట్టుకు వేలాడుతున్న పాడుబడ్డ గిజిగాడి గూడు ఒకటి తెంపుకొచ్చాడు. పిల్లలెగిరిపోయిన గూడే. పైన తడిసినా లోపలి పరక పొడిగానే ఉంది. ఒక తాటిమట్ట మొదట్నుంచి గోధుమరంగు పీచు లాగాడు. రెండూ అరచేతుల మధ్య నలిపి, పిట్టగూడంత ఉండచేసి, “ఇప్పుడు గీయి” అన్నాడు. నాలుగో గీతకే భగ్గుమంది!

ఇది మంత్రం కాదు, శాస్త్రమే. పూర్వం మన పెద్దల చెకుముకి సంచిలో రాయి, ఉక్కుముక్క, దూది ఉండేవి. రవ్వ రాతినుంచి రాదు. గట్టిరాయి ఉక్కుని గీరితే లేచే సన్నని ఉక్కురజను ఆ రాపిడికి వేడెక్కి గాలిలో మండుతుంది. రాబర్ట్ హుక్ 1665 లోనే ఆ రవ్వల్ని సూక్ష్మదర్శినితో పరిశీలించాడు. నా కడ్డీ వేరు. ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు అవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ 1903 లో పేటెంటు పొందిన మిశ్రలోహం అది. సీరియం, దాని జాతి లోహాలు, ఇనుము కలిపి చేస్తారు. సిగరెట్ లైటరులో మనం “రాయి” అనేది ఇదే. దీని రవ్వ వేడి 3000 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది.

మరి అంత వేడికి ఆకు ఎందుకంటుకోదు? దీపావళినాడు కాకరపువ్వొత్తి రవ్వలు చేతిమీద పడితే చురుక్కుమంటాయేగాని చేయి కాలదు కదా! ఉష్ణోగ్రత ఎక్కువే, కాని రవ్వ నలుసంత కాబట్టి అందులో ఉండే ఉష్ణం స్వల్పం. ఆ స్వల్పానికి వేడెక్కగలిగేది వెంట్రుకంత సన్నని పీచు మాత్రమే. అందులో తేమ ఉంటే వచ్చిన వేడంతా నీటిని ఆవిరి చెయ్యడానికే చెల్లు.

కాబట్టి మిత్రులారా, పద్ధతి ఇదీ. కొత్త కడ్డీ అయితే పైనున్న నల్లపూత ముందు గీరెయ్యండి. పీచుని బాగా రేపి గాలి ఆడేలా ఉంచండి. కొబ్బరిపీచు, జిల్లేడుదూది, ఎండుగడ్డి ఏదైనా సరే. కత్తి వీపు పీచు దగ్గర కదలకుండా పట్టి, కడ్డీని వెనక్కి లాగండి. కత్తిని తోస్తే పీచు చెదిరిపోతుంది. మంట లేవగానే దుంగలు పెట్టకండి. మొదట అగ్గిపుల్లంత పుల్లలు, తర్వాత పెన్సిలంతవి, ఆ తర్వాత బొటనవేలంతవి. నేలమీద పుల్లలకన్నా చెట్టుకే ఎండిన కొమ్మలు మేలు. విరిస్తే టిక్కుమనాలి. పొయ్యికి వాగులోని తడిరాళ్ళు వాడకండి, వేడికి పగిలి చిట్లుతాయి.

అరగంటలో మావాడు కోలుకుని జోకులు మొదలెట్టాడు. లేవబోతుంటే పెద్దాయన కదలనివ్వలేదు. మాచేత నీళ్ళు పోయించి, బూడిద కలియబెట్టించి, చెయ్యి పెట్టి చూసి, చల్లబడ్డాకే వదిలాడు. వేసవిలో ఒక్క నిప్పురవ్వ కొండనంతా తినేస్తుందని ఆయనకు తెలుసు. రిజర్వు అడవిలో నిప్పు చెయ్యడం చట్టరీత్యా నేరం కూడా. మేము కాచుకున్నది అడవి బయట, వాగు ఇసుకలో.

కడ్డీ ఇప్పటికీ నా సంచిలోనే ఉంది. దాని పక్కన చిన్న డబ్బాలో పిడికెడు తాటిపీచు కూడా ఉంటోంది.