గట్టును గాచెడి పూలమొక్కలు

కోనసీమలో కొండలు లేవు. మా విద్యార్థులలో పెక్కుమంది గోదావరి దాటి పోయిననే గాని గుట్ట యెట్టిదో యెరుగరు. కావున వాలునేలలలో పూలమొక్కలు పెంచు విషయము మనకేల యని కొందరడుగవచ్చును. కాని రాజోలు ప్రాంతమువారము పుట్టినది మొదలు గట్లమీదనే నడచుచున్నాము. ఒకవైపున వసిష్ఠ, వేరొకవైపున వైనతేయ. రెండింటికిని ఏటిగట్లు కలవు. సర్ ఆర్థరు కాటను గారు 1847లో ప్రారంభించిన ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తి కాగా, కాలువనీరు గన్నవరము అక్విడక్టు మీదుగా వైనతేయను దాటి మన పొలములకు వచ్చినది. కాలువ యొకటి త్రవ్విన గట్లు రెండు లేచును. చెరువు త్రవ్విన మట్టితో ఇంటికి మెరక వేసికొందుము. ఇవన్నియు వాలునేలలే. కొండవాలును ప్రకృతి నిలిపినది. మన వాలులను మనమే నిలుపుకొనవలెను.

మా పాఠశాలలో తరగతి గదులకు దక్షిణమున నిట్టి మెరక యొకటి కలదు. కట్టడము ముగిసిన పిమ్మట మిగిలిన మట్టియు, ఇటుకముక్కలును, నల్లరాతి చిప్పలును అచ్చటనే పోసియుండిరి. రోహిణీకార్తెలో ఆ రాళ్లపై చేయి మోపరాదు. వానకాలమున మట్టి చారలు చారలుగా కోసికొని పోయి క్రింది మురుగుకాలువను పూడ్చుచుండెను. ఏటేట బాలురు పారలతో ఆ మట్టిని మీది కెత్తుట, మరుసటి వానకు అది మరల దిగుట. మూడు సంవత్సరముల క్రిందట మేమును, తొమ్మిదవ తరగతి విద్యార్థులును కలిసి ఆ వాలును మొక్కలతో కప్ప నిశ్చయించితిమి. అందు మేము నేర్చుకొన్న సంగతులను, చేసిన తప్పుతో కూడ, ఇచ్చట వ్రాయుచున్నాము.

మట్టి యేల జారును?

దీనిని తెలిసికొనుటకు మేము తరగతిలో నొక చిన్న పరీక్ష చేసితిమి. రెండు రేకుపళ్లెములలో ఒకే మట్టిని నింపి, ఒకదానిని వట్టిగా విడిచి, రెండవదానిపై గరికపచ్చికను పేళ్లుగా కోసి పరచితిమి. పచ్చిక వేరూనుటకు కొన్నివారములు గడువిచ్చి, పళ్లెములను రెండింటిని ఒకే వాలున నిలిపి, పూలకుండీలకు నీళ్లు పోయు చిల్లులడబ్బాతో సమానముగా నీరు చల్లితిమి. వట్టిమట్టినుండి గాజుగ్లాసులోనికి దిగిన నీరు కాఫీవలె నుండెను. పచ్చికనుండి దిగిన నీరు తక్కువగాను, ఇంచుమించు తేటగాను ఉండెను.

కారణము స్పష్టము. వానచినుకు వట్టినేలపై బడినప్పుడు మట్టిగడ్డ చితికిపోవును. చితికిన మెత్తని మట్టి నేలలోని సందులను పూడ్చగా నీరింకదు. ఇంకని నీరు పల్లమునకు పరుగెత్తుచు మట్టిని వెంటగొనిపోవును. ఆకు అడ్డమున్నచో చినుకు బలము ఆకుమీదనే విరిగిపోవును. కాండములు నీటి పరుగును మందగింపజేయును. వేళ్లు మట్టిని పట్టియుంచును. కావున వాలును కాపాడు మొక్క యేడాది పొడవునను ఆకు నిలుపుకొనునదై యుండవలెను. తొలకరివాన పడునాటికి ఎండిపోయి నేలను విప్పియుంచు మొక్క ఎంత యందమైన పువ్వు పూచినను మనకు పనికిరాదు.

ఎండవాలున మరియొక చిక్కు కలదు. నీరు ఇంకకముందే జారిపోవుటచే అచ్చట వాన కురిసినను నేల పొడిగానే యుండును. రాళ్లు పగలు వేడెక్కి చుట్టునున్న తేమను హరించును. కావున దాహమునకు ఓర్చు మొక్కలే అచ్చట బ్రతుకును.

మేము నాటిన మొక్కలు

మొదటిది బిళ్లగన్నేరు. దీనిని తెలియనివారు లేరు. ఏ గోడపగులులో చూచినను ఎవరును నాటకయే మొలచియుండును. దీని పుట్టినిల్లు మడగాస్కరు ద్వీపము. మూర, మూరన్నర యెత్తు మాత్రమే పెరిగి, నిగనిగలాడు ఆకులతో ఏడాది పొడవునను తెల్లగా గాని, గులాబిరంగున గాని పూచును. నీరు నిలిచినచో వేరు కుళ్లి చచ్చును. వాలున నీరు నిలువదు గనుక అదియే దీనికి తగిన చోటు. ఆకు చేదగుటచే పశువులును మేకలును ముట్టవు. ఇది విషము గల మొక్క. పిల్లలు నోట నిడరాదు. అయినను 1950 తరువాతి దశకమున కెనడాలోని పరిశోధకులు దీని ఆకులనుండియే వింబ్లాస్టిన్ అను మందును వెలికిదీసిరి. దానికి తోడుగా దొరికిన విన్‌క్రిస్టిన్ అను మందు చిన్నపిల్లలకు వచ్చు రక్తపు క్యాన్సరు చికిత్సలో నేటికిని వాడబడుచున్నది.

రెండవది నాచుపువ్వు, దీనిని గడ్డిగులాబి యనియు పిలుతురు. దక్షిణ అమెరికానుండి వచ్చినది. సన్నని కండగల ఆకులలో నీరు దాచుకొనును గనుక రాళ్లనడుమ పిడికెడు మట్టియున్న చాలును. ఎండ యెక్కినప్పుడు విప్పి, ప్రొద్దు వాలకముందే ముడుచుకొనును.

మూడవది బొక్కెనాకు. ఇది మన కాలువగట్లమీద సహజముగా పాకునదే. నేలకు అంటుకొని, కణుపు కణుపునను వేరూనుచు, చిన్న చిన్న తెల్లని పూగుత్తులను నిలువబెట్టును. త్రొక్కినను చావదు, కాని కొంత తేమను కోరును. ఈ మూటి నడుమ సందులలో గరికను విడిచితిమి.

ఏ మొక్కను ఎచ్చట నాటవలెననుటలోనే ఈ పనియొక్క కిటుకు కలదు. మెరకపై అంచు మిక్కిలి పొడిగాను, అడుగు మిక్కిలి తేమగాను ఉండును. కావున పై అంచున రాళ్లసందులలో నాచుపువ్వును, నడిమివాలున బిళ్లగన్నేరును, అడుగున బొక్కెనాకును ఉంచితిమి.

నాటు విధము

వాలును పైనుండి క్రిందికి దున్నరాదు. అట్లు చేసిన ప్రతి చాలును కాలువయై మట్టిని దింపును. వాలునకు అడ్డముగా అడుగు దూరమున కొక గుంట చొప్పున వరుసలు తీసి, పై వరుసలోని రెండు గుంటల నడుమకు క్రింది వరుసలోని గుంట వచ్చునట్లు చూడవలెను. గుంటకు దిగువ అంచున రాతిచిప్పను సగము పాతి, వెనుక నీరు తంగునట్లు చేయవలెను. మాకు అడ్డమని తోచిన రాళ్లే ఇట్లు అక్కరకు వచ్చినవి. బిళ్లగన్నేరు విత్తులు వెలుతురున సరిగా మొలవవు. వానిపై పలుచగా మట్టి కప్పవలెను. నాచుపువ్వు కొమ్మను రెండంగుళముల ముక్కలుగా త్రుంచి, ఒకపూట నీడన ఆరనిచ్చి గ్రుచ్చిన చాలును. మృగశిరకార్తెలో తొలకరి పడగానే నాటుట మంచిది. మొదటి సంవత్సరము కలుపు తీయుటయు, వాన లేనప్పుడు సాయంకాలము నీరు చల్లుటయు తప్పదు. తరువాత మొక్కలే తమ్ము తాము కాచుకొనును.

మా తప్పు

మొదటి వానకాలము ముగియునాటికి మా మొక్కలు పలుచగానే యుండెను. మాకు ఓపిక చాలలేదు. అప్పుడొక మిత్రుడు వెడీలియా అను తీగను తెచ్చియిచ్చెను. మెరిసెడి ఆకులు, పసుపుపచ్చని పూలు. కొలది నెలలలోనే అది మెరకనంతటిని కప్పగా చూచినవారందరును మెచ్చుకొనిరి, మేమును గర్వించితిమి. మరుసటి వానకాలమునకు బొక్కెనాకును, గరికయు దాని నీడన నశించెను. అది మురుగుకాలువ దాటి పొరుగువారి వరిచేని గట్టెక్కెను. ఆ రైతు వచ్చి, "మాస్టరుగారూ, మీ పూలతీగ మా చేలోకి వచ్చిందండీ" అని నవ్వుచునే చెప్పెను గాని మేము తలయెత్తలేకపోతిమి. మధ్య అమెరికాకు చెందిన ఈ తీగ, ప్రకృతి సంరక్షణ శాస్త్రజ్ఞులు ప్రకటించిన నూరు అత్యంత హానికరమైన చొరబాటు జీవుల పట్టికలో చేరియున్నదని మేము తరువాతనే చదివితిమి. దాని ముక్క యొకటి నేలలో మిగిలిన మరల మొలచును. రెండు శనివారములు విద్యార్థులతో కూడ రైతుచేనిలో దానిని వేళ్లతో పెరికి, ఎండబెట్టి తగులబెట్టితిమి. ఇప్పటికిని అప్పుడప్పుడు మొలక కనబడుచునే యున్నది. త్వరగా కప్పునది మంచి మొక్క కాదు. కప్పిన చోటనే నిలుచునది మంచి మొక్క.

ఏటిగట్టు సంగతి

ఇది చదివి ఏ విద్యార్థియు ఏటిగట్టుమీద తన యిష్టము వచ్చిన మొక్కను నాటరాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరమువద్ద 35 లక్షల క్యూసెక్కులు మించిన వరద వచ్చినప్పుడు గట్లు తెగి కోనసీమ పడిన బాధను మీ పెద్దలు చెప్పగలరు. ఎలుకబొరియ గాని, పీతబొరియ గాని చాలును. దానిగుండ నీరూరి మట్టిని లాగుకొనిపోయి గండి పడును. పొదలు దట్టముగా పెరిగిన ఆ బొరియ కానరాదు. పెద్దచెట్టు చచ్చిన దాని కుళ్లిన వేరే నీటికి త్రోవ యగును. కావున ఏటిగట్టుకు పొట్టిపచ్చికయే తగినది. గట్టు కప్పబడియుండవలెను, కంటికి కనబడియు నుండవలెను. అచ్చట ఏమి చేయవలెనన్నను ఇంజనీర్ల యనుమతి యుండవలెను. మనము చేయదగినది, గట్టుమీద బొరియగాని, నీటిచెమ్మగాని చూచినచో వెంటనే తెలియజేయుట.

ఇంటి మెరకలు, చెరువుగట్లు మనవి. అచ్చట మన చేయి ఆడును. మా మెరకనుండి గత వానకాలమున మురుగుకాలువలోనికి మట్టి దిగలేదు. పారలు గదిలోనే యుండెను. బిళ్లగన్నేరు జంటకాయలు ఇప్పుడు పండి పసుపువన్నెకు తిరుగుచున్నవి. అవి పగిలి విత్తులు రాలకముందే కోసికొనవలెను. తమ యింటి మెరకకు విత్తులు కావలసిన విద్యార్థులు శనివారము ఉదయమున కాగితపు పొట్లమొకటి తెచ్చుకొందురు గాక.